నీలిమందు సాగూ, బెంజీనూ

నెల్లూరు జిల్లాలో, పక్కనే కడపలో, పంతొమ్మిదో శతాబ్దంలో నీలిమందు ముఖ్యమైన వాణిజ్య పంట. నీలి కొమ్మలను తొట్లలో నానబెట్టి, పులిసిన నీటిని బాగా చిలికితే గాలి సోకి రంగు అడుగున పేరుకుంటుంది. దాన్ని బిళ్లలుగా కోసి ఆరబెట్టి మద్రాసు రేవు నుంచి విదేశాలకు పంపేవారు.

ఈ సాగును దెబ్బతీసిన రసాయనాల్లో బెంజీన్ ఒకటి. 1825లో ఫారడే దీపాల గ్యాసు మిగిల్చిన నూనెలోంచి దీన్ని వేరుచేశాడు. 1845లో హాఫ్‌మన్ దీన్ని బొగ్గు తారులో కనుగొన్నాక చౌకగా దొరకసాగింది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.877 గ్రాములు, నీటితో కలవదు, పైన తేలుతుంది. 5.5 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది, 80.1 వద్ద మరుగుతుంది.

అసలు విశేషం నిర్మాణంలో ఉంది. ఆరు కార్బన్లు వలయంగా ఉంటాయని 1865లో కెకూలె ప్రతిపాదించాడు. ఆ వలయం చాలా స్థిరమైనది. కనుకనే చర్యల్లో అది సాధారణంగా విడిపోదు. హైడ్రోజన్ పోయి ఆ చోట మరో సమూహం చేరుతుంది. నత్రికామ్లం, గంధకామ్లం మిశ్రమంతో నైట్రోబెంజీన్, దాన్ని క్షయకరణం చేస్తే అనిలిన్ వస్తాయి.

జర్మనీలో 1897లో కృత్రిమ నీలి అమ్మకానికి వచ్చింది. మొదటి పద్ధతికి నాఫ్తలీన్ ఆధారం; 1901 నాటి మెరుగైన పద్ధతికి అనిలిన్. ధరల పోటీకి తట్టుకోలేక నీలి పొలాలు వేరే పైర్లకు మారాయి. నేడు విశాఖ ఉక్కు కర్మాగారపు కోక్ బట్టీల్లో బెంజోల్ (ముడి బెంజీన్) ఉపఉత్పత్తిగా వస్తుంది. బెంజీన్ ఆవిరి ఎముక మజ్జను దెబ్బతీసి రక్త క్యాన్సర్ తెస్తుంది కాబట్టి దాన్ని మూసిన పాత్రల్లోనే వాడాలి.