స్విచ్చి ఎవరు వేశారు?

మన ఇళ్ళల్లో బాత్రూం లైటు స్విచ్చి గుమ్మం బయట ఉంటుంది. దీనివల్ల ఫొటోగ్రఫీకి ఎంత నష్టమో పోయిన వేసవి దాకా నాకు తెలీదు. నాన్న పాత అగ్ఫా క్లిక్‌లో ఫిల్ము వేసి, ఊళ్ళో అమ్మమ్మకి ఫొటోలు తీసుకొచ్చాను. ట్యాంకు కొనలేదు. చీకటి చేసుకుని, ట్రేలో డెవలపర్ పోసి, ఫిల్ము రెండు కొసలూ పట్టుకుని ముంచి తీస్తున్నాను. సగంలో లైటు వెలిగింది. "చీకట్లో ఏం చేస్తున్నావురా?" అంది అమ్మ. నా అరుపుకి హడలిపోయి వెంటనే ఆర్పేసింది.

మిగతా నిమిషాలు మొండిగా పూర్తిచేశాను. ఆరాక చూస్తే పన్నెండు ఫ్రేముల్లో పదకొండు నల్లగా మాడిపోయాయి. ఒక్కటి మాత్రం, బహుశా నా చేతి నీడలో ఉండబట్టి, మిగిలింది. అందులో అమ్మమ్మ కొంగు అంచు వెంబడి ఎవరో గీసినట్టు సన్నటి గీత.

ఈ గీత కథని చాలామంది 1929 పారిస్‌లో మొదలుపెడతారు. మాన్ రే డార్క్‌రూమ్‌లో లీ మిల్లర్ పనిచేస్తోంది. వోగ్ పత్రికకి మోడల్‌గా చేసి, ఫొటోలు దిగడం చాలించి తీయడం నేర్చుకుందామని వచ్చిన అమెరికా అమ్మాయి. చీకట్లో పాదం మీంచి ఏదో పాకింది. కెవ్వుమని లైటు వేసింది. డెవలపర్‌లో డజను నెగెటివ్‌లున్నాయి. పోయినవి ఎలాగూ పోయాయని మాన్ రే వాటిని హైపోలో ముంచాడు. మనిషి ఒంటికీ వెనకాల చీకటికీ మధ్య గీత తేలింది. చాలా ఏళ్ళ తర్వాత మిల్లర్ చెప్పిన కథ ఇది.

జరిగేది ఇంతే: మొదటి వెలుగు పడ్డ చోట వెండి లవణం అప్పటికే నల్లటి వెండిగా మారుంటుంది. కొత్త వెలుగుకి అక్కడ పెద్ద పనుండదు. ఖాళీగా ఉన్న చోట్లు మాత్రం ఇప్పుడు నల్లబడతాయి. రెండూ కలిసే సరిహద్దులో, డెవలప్ అయ్యేటప్పుడు వదిలిన బ్రోమైడ్ పేరుకుని ఆ పనిని అడ్డుకుంటుంది. నెగెటివ్‌లో అక్కడ తెల్లగీత మిగులుతుంది, ప్రింటులో నల్లగీత. దాని పేరు మాకీ రేఖ.

నిజానికి 1860ల్లోనే ఫ్రాన్సులో అర్మాండ్ సబాతియే దీన్ని వివరించాడు. ఈ ప్రభావానికి ఆయన పేరే పెట్టారు, అదీ ఒక అక్షరం ఎక్కువ చేర్చి. మాన్ రే వాడిన 'సోలరైజేషన్' అనే మాట అసలు వేరే దానిది: మితిమీరిన వెలుగుకి బొమ్మ తిరగబడ్డం.

నాకు చిరాకేసేది ఒకటే. ఈ కథలో ఆయన 'కనిపెట్టాడు', ఆమె 'పొరపాటు చేసింది'. ఒకసారి కనబడి మాయమైన బగ్‌ని మా ఆఫీసులో ఎవరూ లెక్కలోకి తీసుకోరు, మళ్ళీ రప్పించి చూపించాలి. ఏ దశలో, ఎంతసేపు వెలుగు చూపించాలో మాన్ రే ఓపిగ్గా తేల్చిన మాట నిజం. కానీ మిల్లరూ అదే పని చేసింది. న్యూయార్క్‌లో సొంత స్టూడియో పెట్టుకున్నాక, 1933లో ఆమె తీసిన డొరొతీ హిల్ పోర్ట్రెయిట్‌లో ముఖం అంచున ఆ గీత ఎక్కడా తొణకదు. చెయ్యి తిరిగినవాళ్ళ పని అది. కావాలని రెండుసార్లు ప్రయత్నించి రెండు ఫిల్ములు మాడ్చుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

రెండు నెలలకి అమ్మమ్మ పోయింది. పెద్దకర్మకి ఆ ఒక్క ఫ్రేమే పెద్దది చేయించాం. గీత బావుందని, ఎవరు తీశారని వచ్చినవాళ్ళు అడిగారు. అమ్మ నా పేరు చెప్పింది. స్విచ్చి సంగతి తను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.