ఇందూరు నేర్పిన పాఠం: మద్యం మాన్పించడానికి మందు ఒక్కటే చాలదు

2015 సెప్టెంబరులో నిజామాబాదు ప్రభుత్వాసుపత్రికి ఒక్కసారిగా రోగుల తాకిడి పెరిగింది. చేతుల వణుకు, నిద్రలేమి, తమలో తాము మాట్లాడుకోవడం, మూర్ఛలు వారి లక్షణాలు. అది అంటువ్యాధి కాదు. కల్తీ కల్లుపై అధికారులు దాడులు ముమ్మరం చేయడంతో మత్తు హఠాత్తుగా అందకుండా పోయింది. మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలోనూ ఇదే పరిస్థితి కనిపించింది. మరణవార్తలు కూడా వచ్చాయి.

ఈత, తాటి చెట్ల నుండి తీసిన స్వచ్ఛమైన కల్లులో ఆల్కహాలు తక్కువగానే ఉంటుంది. గిరాకీకి సరిపడా చెట్లు లేనిచోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మత్తు మందులు కలిపి ఆ కొరతను పూడ్చారు. ఏళ్ల తరబడి వీటిని సేవించిన మెదడు అవి లేనిదే కుదురుగా పనిచేయలేని స్థితికి చేరుతుంది. కనుక ఆ సెప్టెంబరులో రోగులు అనుభవించిన బాధ నటన కాదు, బలహీనత కాదు. అది వైద్యం అవసరమైన వ్యాధి.

ఈ ప్రాంతానికి మత్తు పదార్థాల చరిత్ర కొత్తది కాదు. మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో చెరకు సాగు విస్తరించింది. 1930ల చివర బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ నుండి ఆల్కహాలు తయారుచేసే డిస్టిలరీ కూడా దానికి తోడైంది. ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. కల్తీ కల్లు సంక్షోభం, ఉపాధి నష్టం ఒకే సంవత్సరంలో ఈ జిల్లాను తాకాయి.

తెలుగునాట మద్యంపై పోరాటమంటే మనకు 1992 నాటి దూబగుంట మహిళలు గుర్తుకు వస్తారు. నెల్లూరు జిల్లాలో వారు రగిలించిన ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఆ పోరాటం మహత్తరమైనది. అయితే దుకాణం మూయించడం వేరు, తాగేవాడు కోలుకోవడం వేరు. మొదటిది ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో చేయగలదు. రెండవదానికి వైద్యుడు, కుటుంబం, తనవంటి అనుభవమే ఉన్న తోటివారు అవసరం.

ఈ మూడవ తోడు విలువను లోకానికి చాటిన సంఘటన 1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో జరిగింది. తాగుడు మానిన బిల్ విల్సన్ అనే వ్యాపారి అక్కడ పని బెడిసికొట్టి, మళ్లీ తాగాలనే కోరికతో సతమతమయ్యాడు. అప్పుడతడు వెతికింది వైద్యుణ్ణి కాదు, తనలాగే తాగుడుతో బాధపడే మరొక మనిషిని. అలా డాక్టర్ బాబ్ స్మిత్ పరిచయమయ్యాడు. ఆయన స్వయంగా శస్త్రవైద్యుడు. మద్యం శరీరాన్ని ఏమి చేస్తుందో తెలిసినవాడు. అయినా ఆ విజ్ఞానం ఆయనను కాపాడలేదు. పావుగంట అనుకున్న సంభాషణ గంటల తరబడి సాగింది. ఆ ఏడాది జూన్ 10న బాబ్ చివరిసారిగా తాగాడు. ఆ రోజునే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ ఆవిర్భావ దినంగా భావిస్తారు. రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. మానాలనే కోరిక ఒక్కటే అర్హత. 1950లలో ఈ సంఘం మన దేశానికీ వచ్చింది.

చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ స్థాపించిన సంస్థ మరొక మెట్టు ఎక్కింది. 1989లో తమిళనాడులోని మంజక్కుడి గ్రామంలో శిబిరం నిర్వహించి, చికిత్సను ఊరికే తీసుకువెళ్లింది. కోలుకున్నవారి చుట్టూ ఊరు నిలబడాలన్నదే అందులోని ఆలోచన.

మరి నిజామాబాదు, బోధన్ పాఠకులు ఏమి చేయాలి? ముందుగా ఒక హెచ్చరిక: రోజూ తాగేవారు, కల్తీ కల్లుకు అలవాటుపడినవారు వైద్య సలహా లేకుండా హఠాత్తుగా మానరాదు. మానిన రెండు మూడు రోజులలో మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు. నిజామాబాదు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుని సంప్రదించండి. మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి 14416 ఉచిత ఫోన్ నంబర్లు ఉన్నాయి. దగ్గరలో తెలుగులోగాని, ఉర్దూలోగాని సమావేశాలు జరిగే సహాయ బృందం ఉన్నదా అని అక్కడే అడగండి. కుటుంబ సభ్యుల కోసం 1951లో మొదలైన ‘అల్-అనాన్’ బృందాల గురించి కూడా విచారించండి.

మంచి బృందాన్ని గుర్తించడం కష్టం కాదు. అది డబ్బు అడగదు. లోపల విన్న మాట బయట పెట్టదు. వైద్యుడు రాసిన మందులు ఆపమనదు. తాగేవానికి తెలియకుండా అన్నంలో కలిపే మందు ఇమ్మని సలహా చెప్పదు. ఆ పని ప్రాణాపాయం. ఒకసారి తడబడి మళ్లీ తాగినవాణ్ణి వెలివేయదు.

మీ ఊరిలో బృందం లేకపోతే నిరాశ వద్దు. చికిత్స పూర్తయిన ఇద్దరు ముగ్గురు వారానికొకసారి ఒకే రోజు, ఒకే వేళకు, కల్లు దుకాణం దారిలో లేని చోట కలుసుకోండి. గడిచిన వారం ఎలా గడిచిందో దాపరికం లేకుండా చెప్పుకోండి. ఏక్రన్‌లో మొదలైనది కూడా ఇద్దరితోనే.