రాగి బలం, సిలికాన్ పోత

అల్యూమినియం మిశ్రలోహాల కథను మనం ఎక్కువగా బలం కథగానే చదువుతుంటాం. పోతపని వైపు నుంచి చూస్తే అది సగం కథే. కరిగిన లోహం అచ్చులో ఎలా గడ్డకడుతుందన్నదే అక్కడ అసలు ప్రశ్న. శుద్ధ అల్యూమినియం మెత్తన. పైగా గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణం ఆరేడు శాతం తగ్గిపోతుంది. అందుకే తొలితరం పోతపనివారు రాగిని ఆశ్రయించారు. 1903లో రైట్ సోదరుల విమానం ఇంజన్‌కు డేటన్‌లో పోసిన క్రాంక్‌కేసులో రాగి సుమారు 8 శాతం. అమెరికా ఫౌండ్రీల్లో చాలాకాలం ఆ పాళ్లే వాడుక. అయితే ఆ లోహం 630 డిగ్రీల సెల్సియస్ పైనే గడ్డకట్టడం మొదలుపెట్టినా, చివరి ద్రవం 548 దాకా మిగిలే ఉంటుంది. అంతసేపూ అది సగం గట్టి, సగం జావ. కుంచించుకుపోతున్న లోహాన్ని అచ్చు కదలనివ్వదు. స్ఫటికాల మధ్య మిగిలిన పలచని ద్రవపు పొర ఆ లాగుడుకు ఆగలేక వేడి మీదే పగులుతుంది.

రైట్ క్రాంక్‌కేసు నిలబడింది కదా అనవచ్చు. నిజమే. 1990లలో దాన్ని పరీక్షిస్తే లోపల రాగి అతిసూక్ష్మ రేణువులుగా విడివడి లోహాన్ని గట్టిపరచినట్టు తేలింది. జర్మన్ లోహశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906లో గమనించిన ఇలాంటి గట్టిపాటు అంతకుముందే అందులో జరిగిపోయింది! రాగి గొప్పతనాన్ని కాదనలేం. కానీ ఒక మంచి పోత రావడం వేరు, పోసిన ప్రతిసారీ రావడం వేరు.

ఆ భరోసా సిలికాన్‌తో వచ్చింది. 12 శాతం దగ్గర అది కలిస్తే లోహం 577 డిగ్రీల వద్ద దాదాపు ఒక్క ఉష్ణోగ్రతలోనే గడ్డకడుతుంది. స్ఫటికమయ్యేటప్పుడు సిలికాన్, నీరు మంచైనట్టే, ఉబ్బుతుంది. లోహం కుంచింపు కొంత అక్కడే పూడుతుంది. అది వదిలే వేడి కూడా ఎక్కువే కాబట్టి, పలచని గోడల్లోకి పారేందుకు ద్రవానికి వ్యవధి దొరుకుతుంది. ఇబ్బందల్లా సిలికాన్ ముతక పలకలుగా ఏర్పడి లోహాన్ని పెళుసు చేయడం. అలడార్ పాక్జ్ 1920లో పేటెంటు కోరి, 1921లో పొందిన పద్ధతి ఆ చిక్కు విప్పింది: సోడియం ఫ్లోరైడ్‌తో శుద్ధి చేస్తే పలకలు సన్నని పోగులవుతాయి. అలాగైతే ఘనత సోడియానిదే కదా అని వాదించేవారున్నారు. లోహంలో మిగిలే సోడియం శాతంలో నూరోవంతు మాటే. అది స్ఫటికాల ఆకారాన్ని మార్చింది. అచ్చు నిండా పారే గుణం సిలికాన్‌ది. రాగి లేక తగ్గిన బలాన్ని తర్వాత మెగ్నీషియం తెచ్చిపెట్టింది: 7 శాతం సిలికాన్‌కు దాదాపు 0.3 శాతం మెగ్నీషియం చేర్చి, వేడి శుద్ధి చేసిన లోహంతోనే నేటి కారు చక్రాలు ఎన్నో పోస్తున్నారు. వేడికి ఓర్చాల్సిన ఇంజన్ భాగాల్లో రాగి నేటికీ ఉంది, కాకపోతే మూడు నాలుగు శాతంగా, సిలికాన్ తోడుగా.