చమీస్

చమీస్ గులాబీ కుటుంబానికి చెందిన ఒక సతతహరిత పొద. దీని శాస్త్రీయ నామం అడెనోస్టోమా ఫాసిక్యులేటమ్. అమెరికాలోని కాలిఫోర్నియాలోను, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలోను చపరాల్ అనబడే మెట్ట పొదల అడవులలో ఇది విస్తారంగా పెరుగుతుంది. ఆకులు సూదుల వలె సన్నగా, సుమారు 1 సెం.మీ. లేదా అంతకంటే తక్కువ పొడవుతో, గుత్తులుగా ఉంటాయి. ఈ ప్రాంతంలో వానలు శీతాకాలంలో కురుస్తాయి. వేసవి దాదాపు పూర్తిగా పొడిగా గడుస్తుంది.

తిరిగి చిగురించుట

కార్చిచ్చులో కొమ్మలన్నీ కాలిపోయినప్పటికీ, నేలలో లిగ్నోట్యూబర్ అనే కొయ్య బుడిపె తరచుగా బతికి ఉంటుంది. దాని నుండి కొద్ది వారాలలోనే, ఒక్కొక్కసారి వాన పడకముందే, కొత్త చిగుళ్ళు వస్తాయి. ఎండాకాలంలో వీటికి నీరు ఎక్కడిది? బండల పగుళ్ళలోకి లోతుగా దిగిన పాత వేళ్ళు చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటాయి. నిన్నటి వరకు నిండు పొదను పోషించిన ఈ వేళ్ళు ఇప్పుడు కొన్ని చిగుళ్ళకు మాత్రమే నీరు అందించవలసి ఉంటుంది. అందువలన ఒక్కొక్క ఆకు వంతుకు వచ్చే నీరు పెరుగుతుంది. విత్తనం నుండి మొలిచిన మొక్కకు ఈ వసతి లేదు.

ఆకులలో నీటి స్థితి

ఆకులోని నీటి స్థితిని నీటి శక్మం అనే కొలతతో తెలుపుతారు. సున్నాకు దగ్గరగా ఉంటే నీరు పుష్కలమని అర్థం. వేసవి చివర కాలని పొదలలో ఇది -5 మెగాపాస్కల్‌ల కంటే దిగువకు పడిపోగలదు. అనగా దాదాపు 50 వాతావరణ పీడనాలకు సమానమైన లాగుడు. తిరిగి చిగురించిన పొదలలో నీటి శక్మం సాధారణంగా సున్నాకు మరింత దగ్గరగా ఉంటుంది. కనుక పత్రరంధ్రాలు ఎక్కువసేపు తెరచి ఉండి, కిరణజన్య సంయోగక్రియ చురుకుగా సాగుతుంది.

అయితే లేత ఆకు సున్నితమైనది. అవభాసిని పలుచగా, కణకుడ్యాలు మెత్తగా ఉండుటచేత కొద్దిపాటి నీటి కొరతకే వాడిపోతుంది. ముదిరేకొద్దీ కణరసంలో లవణాలు, చక్కెరల వంటి కరిగిన పదార్థాల గాఢత పెరుగుతుంది, కుడ్యాలు గట్టిపడతాయి. అప్పుడు మరింత తక్కువ నీటి శక్మం వద్ద కూడా ఆకు బిగువు కోల్పోదు.

కరవు ప్రభావం

కార్చిచ్చు జరిగిన మరుసటి సంవత్సరమే తీవ్రమైన కరవు వస్తే పై సౌలభ్యం సరిపోదు. చిగురించుటలో బుడిపెలోని పిండిపదార్థం ఖర్చయిపోతుంది. పెద్ద వేరు వ్యవస్థ శ్వాసక్రియకు ఆహారం కావాలి. దానికై పత్రరంధ్రాలు తెరవక తప్పదు, తెరిస్తే నీరు పోతుంది. చివరకు దారునాళాలలో గాలి బుడగలు చేరి నీటి ప్రవాహం ఆగిపోతుంది. దక్షిణ కాలిఫోర్నియాలో ఇలా చిగురించే ఏడు చపరాల్ జాతులపై జరిపి 2014లో ప్రచురించిన పరిశోధనలో మూడు జాతులలో మరణాలు అధికంగా కనిపించాయి. చాలా పొదలు మంటను తట్టుకొని, చిగురించి, ఆ తరువాత కరవులో చనిపోయాయి.

అగ్నిప్రమాద సూచిక

చమీస్ ఆకులలోని తేమను అగ్నిమాపక శాఖలు క్రమం తప్పకుండా కొలుస్తాయి. నీటి బరువును ఎండిన పదార్థపు బరువుతో పోల్చి శాతంగా చెప్తారు కాబట్టి ఈ సంఖ్య 100 దాటవచ్చు. వసంతంలో అలాగే దాటుతుంది. వేసవి చివర 60 శాతానికి దిగితే దక్షిణ కాలిఫోర్నియాలో దానిని ప్రమాదస్థాయిగా పరిగణిస్తారు. కొత్త చిగుళ్ళలో తేమ ఎక్కువ కాబట్టి వాటి కొలతలను, పాత కొమ్మల కొలతలను వేరువేరుగా నమోదు చేయడం కూడా ఉన్నది.