వైరు లేని ఇయర్‌బడ్స్: పాటకా? మాటకా?

మన సంఘం పిక్నిక్‌లో ఈసారి ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "ఇయర్‌బడ్స్ కొందామనుకుంటున్నామండీ, ఏవి బాగుంటాయి?" అక్కడ నోట్లో మిరపకాయ బజ్జీ ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

ప్రతి ఆదివారం పొద్దున్నే ఇక్కడ న్యూజెర్సీలో కాఫీ కలుపుకుంటూ, తెనాలిలో ఉన్న అమ్మతో మాట్లాడటం నా అలవాటు. పోయిన ఏడాది ఖరీదైన జత ఒకటి కొన్నాను. పాటలు అమోఘంగా వినిపించాయి. కానీ నాలుగైదు వారాలు తిరిగేసరికి అమ్మ మాటలు తగ్గించేసింది. "సరేలే నాన్నా, ఉంటాను" అని పది నిమిషాల్లోనే ఫోన్ పెట్టేసేది. చివరికి చెల్లెలు చెప్పింది: "అన్నయ్యా, అమ్మకి నీ మాట సగం వినపడట్లేదు. తనకే చెవుడు వచ్చిందనుకుని, చెబితే నువ్వు కంగారు పడతావని ఊరుకుంది." మర్నాడు ఇయర్‌బడ్స్ తీసేసి మామూలుగా ఫోను చెవికి ఆనించి మాట్లాడితే అమ్మకి అంతా శుభ్రంగా వినపడింది!

అప్పటినుంచి మిత్రుల దగ్గర అరువు తెచ్చి మరీ ఆరేడు రకాలు వాడి చూశాను (రబ్బరు తొడుగులు మార్చుకునే లెండి).

అసలు జరిగిందేమిటంటే, బ్లూటూత్‌లో పాట వినేటప్పుడు శబ్దం ఒకవైపే ప్రయాణిస్తుంది కాబట్టి దారంతా దానిదే. మైకు తెరుచుకోగానే రెండువైపులా మాట నడవాలి. అప్పుడు సాధారణంగా స్టీరియో పోయి మోనో అవుతుంది. సీడీలో సెకనుకి 44,100 సార్లు కొలిచే శబ్దాన్ని ఇక్కడ 8,000 లేదా 16,000 సార్లే కొలుస్తారు. దానికి తోడు మైకు నోటికి దూరంగా చెవి దగ్గర ఉంటుంది. చుట్టుపక్కల రొద తీసేయబోయి లోపలి సాఫ్ట్‌వేర్ మన మాటల్ని కూడా కొరికేస్తుంది. 2022లో పూర్తయిన ఎల్ఈ ఆడియో పద్ధతి ఇందుకు కొంత మందు. అయితే అది ఫోన్‌లోనూ, ఇయర్‌బడ్స్‌లోనూ రెండింటిలోనూ ఉండాలి.

కాబట్టి కొన్న రోజునే మీవాళ్ళెవరి వాయిస్ మెయిల్‌కైనా ఫోన్ చేసి, ఒకసారి నిశ్శబ్దంగా ఉన్న గదిలోంచి, ఒకసారి కుళాయి తిప్పి, ఒకసారి గాలిలో నడుస్తూ మాట్లాడి, తరువాత విని చూడండి. మా ఆవిడ ఫోన్‌లో ఒక్కరోజే తొమ్మిది సందేశాలు పెట్టాను, ఆవిడ ఏమందో ఇక్కడ రాయను. నేను చూసినవాటిలో నోటివైపు కాడలా దిగినవే మాటకి మెరుగనిపించాయి.

ఇక పాట సంగతి. ధర కన్నా ముందు చూడవలసింది తొడుగు చెవికి సరిపోయిందా అన్నది. సందు ఉంటే మంద్రస్థాయి శబ్దాలు జారిపోతాయి. మృదంగం ఎడమవైపు తొప్పి మోత పల్చగా వినపడితే పెద్ద సైజు తొడుగు పెట్టి చూడండి. 1957 నాటి 'మాయాబజార్'లోని 'లాహిరి లాహిరి' మోనో ప్రతి దొరికితే ఇంకా మంచిది. మోనోలో రెండు చెవులకీ ఒకటే శబ్దం వస్తుంది గనుక ఘంటసాల గొంతు సరిగ్గా తల మధ్యలో వినపడాలి. ఒక పక్కకి ఒరిగితే రెండో పక్క తొడుగు సరిగ్గా కూర్చోలేదన్నమాట, లేదా జాలీలో గులిమి పేరుకుందన్నమాట!

సౌకర్యం అయిదు నిమిషాల్లో తేలదు. పెట్టుకుని భోజనం చేయండి. దవడ కదిలినప్పుడు జారేవి అక్కడే బయటపడతాయి. రెండు గంటల తరువాత చెవి నొప్పి పుట్టేవాటితో హైదరాబాదు ప్రయాణం నరకం. నాయిస్ క్యాన్సిలింగ్ విమానం హోరుని బాగా అణుస్తుంది గానీ వెనకసీటు పసివాడి ఏడుపుని అంతగా ఆపలేదు. సీటు ముందు తెరకి చాలా విమానాల్లో ఇంకా వైరే కావాలి, చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ ఒకటి వెంట ఉంచుకోండి.

బ్యాటరీ రెండు మూడేళ్ళలో నీరసిస్తుంది. చాలావాటికి మార్చే వీలు లేదు, అందుకే నేను మరీ ఖరీదైనవాటికి ఓటు వెయ్యను. శబ్దం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. 90కి పెంచితే 4 గంటలే.

అన్నట్టు, 2024 సెప్టెంబరులో అమెరికా ఎఫ్.డి.ఎ. ఎయిర్‌పాడ్స్ ప్రోని వినికిడి యంత్రంగా వాడే సాఫ్ట్‌వేర్‌కి అనుమతినిచ్చింది. 18 ఏళ్ళు నిండి, కొద్దిపాటి నుంచి ఓ మోస్తరు వరకు వినికిడి తగ్గినవారికే అది. అమ్మకి కొనిపెడదామా అనుకున్నాను గానీ, ముందు చెల్లెలు డాక్టరుగారికి చూపించింది. వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నారు.

ఖరీదైన జత ఇప్పుడు నా సాయంత్రం నడకకి. ఆదివారాలకి కాడలున్న మధ్యరకం జత. మొన్న మా మాటలు గంట దాటాయి. అందులో ముప్పావు గంట పక్కింటివాళ్ళ మామిడికొమ్మ మా గోడ మీదకి వచ్చిన సంగతే!