కట్ట మాది, దూప మాది

గండిపేట చెర్వు కట్టమీద మన్ను మోసినోళ్లల్ల మా ముత్తాత ఒకడట. తాత చెప్పేటోడు. ఏ పుస్తకంలనూ ఆ పేరు లేదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచినంక నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిందనీ, 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయినయనీ నేను బళ్లె పాఠం చెప్తాను. చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు కురిసిన వాన వాగులెంబడి పోయి ఆ చెర్వులల్ల చేరి పట్నం దూప తీర్చింది. మరి మా దూప?

మా మాదిగవాడకు ఒక్కటే బోరింగు. ఎండాకాలం అది గాలి కొట్టేది. అప్పుడు అవ్వ ఊరి చేదబాయి కాడికి పోయేది. గిలక మీద చెయ్యి వెయ్యొద్దు. కడవ దించి దూరం జరిగి నిలబడాలె. 'అమ్మా, జెర పొయ్యుండ్రి' అని బతిమాలాలె. ఎవరికన్నా దయ పుడితే నీళ్లు, లేకుంటే ఎండ. కడవ నిండేసరికి కూలి యాళ్ల దాటేది. మా అక్క బడి మానింది ఆ కడవ కోసమే. ప్రజల బావుల కాడ, చెరువుల కాడ కులం పేరుతో ఎవ్వర్నీ ఆపొద్దని రాజ్యాంగం 15వ అధికరణం 1950 నుంచి చెప్తనే ఉంది. ఆ సంగతి మా ఊరి గిలకకు తెల్వదు.

హిమాయత్‌సాగర్ పూర్తయిన 1927లోనే, మార్చి 20న, మహాడ్‌లో అంబేద్కర్ చౌదార్ చెరువు నీళ్లు తాగిండు. ఒక దిక్కు చెర్వు కట్టుడు, ఒక దిక్కు చెర్వు ముట్టుడు. మా చరిత్రకు రెండోదే పెద్దది. డిగ్రీల అది చదివిన రాత్రి అవ్వ నిలబడ్డ జాగ యాదికొచ్చి నిద్ర పట్టలే.

పట్నం తాగే నీళ్లు చెడొద్దని 1996లో 111 జీవో తెచ్చి 84 ఊర్లల్ల కట్టడి పెట్టిండ్రు. 2022లో ఎత్తేస్తున్నమని ఇంకో జీవో ఇచ్చిండ్రు. మా ఊర్లె మాటంతా భూముల ధర మీదనే. భూమి లేనోళ్ల కడవ ఊసు ఎవ్వరెత్తలే.

2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా మా వాడకూ వచ్చింది. పాయిఖానా వచ్చింది. కాదనను. అవ్వ ఇప్పుడు ఇంటిముందే బిందె పడ్తది. కానీ నీళ్లొచ్చినా అంటు పోలే, జాగ మారింది. నేను మొదట పనిజేసిన బళ్లె పాయిఖానాకు నీళ్లు మొయ్యాలంటే మన పిల్లలనే పిలిచేటోళ్లు. నేను కొత్త సారును. ఏడాది నోరు మూసుకున్న. ఆ మచ్చ నాదే. ఒకనాడు ఏడో తరగతి పిల్ల అడిగింది: 'సార్, బకెట్ అంటే మేమే లేవాల్నా?'

తెల్లారి హాజరుపట్టీ వరసన వంతులు రాసి గోడకు అంటించిన. మొదటి వంతు నా పేరే రాసుకున్న. కొందరు తల్లిదండ్రులు కొట్లాటకొచ్చిండ్రు. కాగితం మాత్రం చింపనియ్యలే.