వెనకొచ్చిన చేప

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అనే సామెతని మనం ఎక్కువగా ఇంటి రాజకీయాల్లోనే వాడుతుంటాం. నా మటుకు నాకు అది ఆస్ట్రేలియాలోని ఒక చేపకి కొలిచి కుట్టినట్టు సరిపోతుందనిపిస్తుంది.

ఆ చేప మనకి కొత్తదేం కాదు. మన చెరువుల్లో బొచ్చె, శీలావతులతో కలిపి పెంచే బంగారుతీగే. ఇక్కడ పేరులో బంగారం వుంది గాని, మర్రే, డార్లింగ్ నదుల ఒడ్డున దాని పేరెత్తితే మొహం చిట్లిస్తారు. ‘నదుల కుందేలు’ అని దానికి ముద్దుపేరు. 1859లో వేటసరదా కోసం వదిలిన కుందేళ్ళు దేశం పచ్చదనాన్నంతా మేసేశాయి గదా, ఆ కోపం ఈ పేరులో వినిపిస్తుంది.

విక్టోరియా రాష్ట్రంలో బూలరా అనే ఊరుంది. 1960 ప్రాంతాల్లో అక్కడి చేపల ఫారంలో ఒక రకం బంగారుతీగని పెంచారు. ప్రమాదం పసిగట్టి 1962లో ప్రభుత్వం చట్టం చేసింది. అయితే చేపలకి చట్టాలు చదవడం రాదు. 1964 నాటికి అది మిల్డూరా దగ్గర మర్రే నదీ ప్రాంతానికి చేరింది. 1974, 75ల్లో వచ్చిన పెద్ద వరదలు దాన్ని భుజాన మోసుకెళ్ళి దేశంలో ఏడోవంతున్న ఆ పరీవాహక ప్రాంతమంతటా దించాయి. బాగా ఎదిగిన ఆడచేప పది లక్షలకి పైగా గుడ్లు పెడుతుంది. ఇంకేం కావాలి? ఇప్పుడు కొన్ని చోట్ల నదిలోని చేపల బరువులో నూటికి ఎనభై పాళ్ళు దానిదే.

దాని భోజనం తీరు కూడా వింతే. అడుగు బురదని నోటినిండా పీల్చి, తినదగింది ఏరుకుని, మిగతాది ఉమ్మేస్తుంది. నీళ్ళు కలకబారతాయి, ఎండ లోపలికి దిగదు, నీటిమొక్కలు వేళ్ళతో సహా లేచిపోతాయి. బురదలో నిద్రపోతున్న భాస్వరం పైకి లేస్తుంది.

మరి పాపమంతా చేపదేనా? అత్త మీది కోపం దుత్త మీద చూపించడం మనుషులకి అలవాటే. పొలాల ఎరువూ, పట్నాల మురుగూ, పశువుల పేడా నదిలో కలిస్తే ఆ నత్రజని, భాస్వరాలు నాచుకి విందుభోజనం. పైగా 1920ల నుంచి కట్టిన ఆనకట్టలూ, సేద్యానికి తోడేసిన నీళ్ళూ నదిని చెరువులా నిలబెట్టాయి. నిలవనీరంటే నాచుకీ ఇష్టమే, బంగారుతీగకీ ఇష్టమే. 1991లో డార్లింగ్ నది వెయ్యి కిలోమీటర్లకి పైగా విషపునాచుతో పచ్చబడింది. తాగిన పశువులు చచ్చాయి. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

2018 డిసెంబరు, 2019 జనవరి నెలల్లో మెనిండీ దగ్గర ఇంకా ఘోరం జరిగింది. కరువు, ప్రవాహం లేదు, నీటి నిండా నాచు. ఉన్నట్టుండి వాతావరణం చల్లబడేసరికి ప్రాణవాయువు లేని అడుగునీరు పైనీటితో కలిసింది. లక్షల కొద్దీ చేపలు వూపిరాడక తేలిపోయాయి. వాటిలో దశాబ్దాల వయసున్న మర్రే కాడ్ చేపలున్నాయి. ఆ నదిని ‘బాకా’ అని పిలుచుకుంటూ, తమని నది మనుషులమని చెప్పుకునే బార్కండ్జీ జనానికి అవి వట్టి చేపలు కావు, ఇంటి పెద్దలు పోయినట్టే. ఊపిరి తక్కువైనా తట్టుకునే బంగారుతీగకి మాత్రం మిగతావాళ్ళకన్నా బతికి బట్టకట్టడం తేలిక.

ఒక వైరస్ వదిలి దాని పీడ వదిలించుకుందామని 2016లో ప్రణాళిక ప్రకటించారు. 2022లో వచ్చిన నివేదిక తొందరపడవద్దనీ, పరిశోధన ఇంకా కావాలనీ అంది. నాకది తెలివైన మాటగా తోచింది. చచ్చిన చేపలన్నీ నదిలోనే కుళ్ళితే అవే నాచుకి ఎరువవుతాయి, ఉన్న ప్రాణవాయువునీ అవే మింగుతాయి. దొంగని పట్టబోయి ఇల్లు తగలబెట్టుకున్నట్టన్నమాట.

దొంగ లోపలికెలా వచ్చాడని అడిగేముందు తలుపెవరు తీశారో చూడాలంటాను నేను. బంగారుతీగ తనంతట తాను సముద్రాలు దాటలేదు. ఎరువు బస్తా తనంతట తాను నదిలో దూకలేదు. ఆ రెండింటికీ దారి చూపించిన చెయ్యి ఒక్కటే. వలలు ఎన్ని వేసినా ఆ చెయ్యి చిక్కదు. అది తనంతట తానే వెనక్కి రావాలి, కాస్త నీళ్ళు నదికి వదిలిపెట్టి.